అంతర్జాతీయ నాన్న

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఉన్నా, విజయవాడ పటమటలో ఉన్నా, విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్నా ఆయన ఒక్కడే. నలభై దాటిన వయసు, ఇంకా తీరని హోమ్ లోను, తొమ్మిదేళ్ల కూతురు. ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండగా సూర్యుడి బొమ్మ వేసి మీసాలు పెట్టింది. ఇంకో తండ్రయితే నవ్వి ఊరుకునేవాడు. ఈయన ఆ కాగితాన్ని ఫొటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద 'క్రియేటివిటీ' అని రాశాడు. ఇరవై ఏడు మంది బంధువులు బొటనవేళ్లు చూపించారు. ఆ రోజుతో మామూలు నాన్న పోయి పోటీల నాన్న పుట్టాడు.

ఈయన్ని గుర్తుపట్టడానికి కష్టపడక్కర్లేదు. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చుంటే చాలు, సాంబారు వడ్డించేలోపు ఫోను బయటికొస్తుంది. అందులో 'పాప అచీవ్‌మెంట్స్' అనే ఫోల్డరు, దాని కడుపులో సంవత్సరాల వారీగా పిల్ల ఫోల్డర్లు. ఈ-సర్టిఫికెట్లన్నీ రంగు ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి హాల్లో వేలాడదీశాడు. దగ్గరికెళ్లి చదివితే ముప్పాతిక వాటి మీద 'పార్టిసిపేషన్' అనే ఉంటుంది. ఎవరూ దగ్గరికెళ్లకుండా ఈయన ముందు సోఫా వేయించాడు.

ఆయన లెక్కలో పోటీలకు కులగోత్రాలున్నాయి. వినాయక చవితికి కాలనీవాళ్లు పెట్టే డ్రాయింగ్ పోటీ అట్టడుగున ఉంటుంది, ప్రైజు స్టీలు డబ్బా కాబట్టి. జిల్లా స్థాయి పోటీని పెదవి విరుపుతో ఒప్పుకుంటాడు. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ మొదలుపెట్టిన పిల్లల చిత్రలేఖన పోటీ పేరెత్తితే కాస్త నిటారుగా కూర్చుంటాడు. చెక్ దేశంలో లిదిత్సె అనే ఊరి పేరిట జరిగే పోటీ సంగతి వస్తే లేచి నిలబడతాడు. 1942 జూన్ 10న నాజీలు ఆ ఊరిని నేలమట్టం చేశారనీ, చనిపోయిన పిల్లల జ్ఞాపకంగా 1967 నుంచి అక్కడ పిల్లల బొమ్మల ప్రదర్శన నడుపుతున్నారనీ, మన దేశపు పిల్లలు కూడా ఏటా అక్కడికి బొమ్మలు పంపి బహుమతులు తెచ్చుకుంటున్నారనీ ఆయనకు తెలియాలి. ఆయనకు తెలిసిందల్లా ఏజ్ గ్రూపు, లాస్ట్ డేటు, ఎంట్రీ ఫీజు ఉందా లేదా. ఆ ఊరి పేరు మాత్రం ఇప్పటికీ 'లిడైస్' అనే పలుకుతాడు.

అలాంటి మనిషికి ఒక అర్ధరాత్రి ఫోన్లో గుడ్లగూబ దొరికింది.

అమెరికాలో హ్యూస్టన్ అనే ఊళ్లో అంతర్జాతీయ గుడ్లగూబల ఉత్సవం జరుగుతుంది. దానితోపాటు పిల్లలకు గుడ్లగూబల బొమ్మల పోటీ కూడా. ఏ దేశం పిల్లలైనా పంపవచ్చు. హ్యూస్టన్ అన్న మాట కనబడగానే ఆయన తక్కిన పేజీ చదవలేదు. హ్యూస్టన్‌లో బావమరిది ఉన్నాడు, ఆ ఇంట్లో నాలుగు పడగ్గదులున్నాయి, పియర్లాండ్‌లో మీనాక్షి గుడి ఉంది. తెల్లారకుండానే ఫోను.

"ఒరే, మార్చిలో మీ ఊళ్లో పాపకి ప్రైజు ఇస్తారేమో. నువ్వెళ్లి తీసుకోవాలి. సూటు ఉందా?"

బావమరిది అడ్రసు పంపమన్నాడు. పంపాక పది నిమిషాలు మాట్లాడలేదు. "బావా, ఇది టెక్సస్ కాదు. మిన్నెసోటా."

టెక్సస్ హ్యూస్టన్‌కీ మిన్నెసోటా హ్యూస్టన్‌కీ మధ్య పక్షి ఎగిరే దారినే దాదాపు 1,600 కిలోమీటర్లు. రెండూ అమెరికాలోనే ఉన్నాయి కదా అన్నాడు పోటీల నాన్న. ఈ హ్యూస్టన్ జనాభా వెయ్యికి లోపు. పక్కనే రూట్ నది పారుతుంది, మార్చిలో కూడా మంచు కురుస్తుంది. ఆ ఊరున్న హ్యూస్టన్ కౌంటీకి ఆ పేరు వచ్చింది కూడా టెక్సస్ వీరుడు శాం హ్యూస్టన్ మీదుగానే కనుక ఈయన పొరపాటుకు చరిత్రలో కొంచెం ఆధారం దొరుకుతుంది. కూకట్‌పల్లిలో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఆ ఊరి జనానికి రెండింతల మంది లిఫ్టు కోసం ఎదురుచూస్తుంటారు. కానీ బంధువులకు ఇవేవీ చెప్పనవసరం లేదు. "యూఎస్‌లో, హ్యూస్టన్‌లో" అంటే చాలు, తక్కినది వాళ్లే ఊహించుకుంటారు.

ఈ ఉత్సవం పుట్టిన తీరు మాత్రం ఆయన చదివుంటే బాగుండేది. 1997లో విస్కాన్సిన్‌లో ఒక గుడ్లగూబ పిల్ల గూటిలోంచి పడి రెక్క కీలు దెబ్బ తింది. నెత్తిన కొమ్ముల్లా ఈకలు లేచి ఉండే గ్రేట్ హార్న్‌డ్ జాతిది. ఇక సరిగా ఎగరలేదని తేలాక కార్లా బ్లోమ్ అనే ఆమె దాన్ని హ్యూస్టన్‌లో తను పనిచేసే ప్రకృతి కేంద్రానికి తెచ్చుకుంది. దాని పేరు ఆలిస్. ఆలిస్ గుడ్డులోంచి బయటపడ్డ రోజును 2003లో పండుగ చేద్దామనుకున్నారు. ఆ పుట్టినరోజు వేడుకే ఏటేటా పెరిగి అంతర్జాతీయ ఉత్సవమైంది. తర్వాత అంతర్జాతీయ గుడ్లగూబల కేంద్రం కూడా ఆ చిన్న ఊళ్లోనే వెలిసింది. ఆలిస్ కూతలు విని విని బ్లోమ్ ఆ జాతి గొంతుల మీద పరిశోధన చేసింది. ఒక్క పక్షిని శ్రద్ధగా గమనించడంలోంచి ఇంత వ్యవహారం నడిచింది. మన నాన్న గమనించేది పక్షిని కాదు, జడ్జీలను.

"అమెరికా జడ్జీలకి ఏది నచ్చుతుంది?" అన్నది ఆయన ప్రశ్న. ఆఫీసులో, లిఫ్టులో, డెంటిస్టు దగ్గర నోరు తెరుచుకుని కూడా అదే.

ఇంట్లో మొదటి అడ్డంకి నానమ్మ. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆరునెలలు ఇల్లు పాడుపెట్టాలని ఆవిడ చిన్నప్పటినుంచి విన్నది. పెంకుటింట్లో ఒకసారి అలా దూరితే నిజంగానే తాళం వేసి పక్కింట్లో అద్దెకున్నారట. ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద, అదీ శుక్రవారం పూట, మనవరాలు గూబ కళ్లకు పసుపు రంగు దిద్దుతోంది.

"ఒరే, ఇల్లు నీదా బ్యాంకుదా?"

"ఇంకా పదకొండేళ్లు బ్యాంకుదేనమ్మా."

"అయితే ఆ దరిద్రం వాళ్లకే తగులుతుందిలే. వెయ్యనీ."

నాన్న అక్కడితో ఆగితే సరిపోయేది. లక్ష్మీదేవి వాహనం గుడ్లగూబే కదా అని మొదలుపెట్టాడు. బెంగాలీలు లక్ష్మి పక్కన గూబను పెట్టి మరీ పూజిస్తారన్నాడు. గ్రీసు ఒక యూరో నాణెం మీద ఉన్నది గుడ్లగూబేనని, అది ఏథెన్స్ పాతకాలపు నాణెం మీది బొమ్మేనని ఫోన్లో చూపించాడు. ఇవన్నీ నిజాలే. నానమ్మ నాణెం వంక కళ్లజోడు సవరించుకుని చూసింది. మన లక్ష్మికి అటొకటి ఇటొకటి ఏనుగులుంటాయి, పిట్టలతో పనేముంది అంది. ఆ బొమ్మ దేవుడి గది ఉన్న గోడకు తగలకూడదన్న షరతు మీద సంధి కుదిరింది.

రెండో మనిషి డ్రాయింగ్ సార్. శని, ఆదివారాలు వస్తాడు, గంటకు ఇంతని. ఆయన దగ్గర ప్రతి థీముకూ ఒక బొమ్మ సిద్ధంగా ఉంటుంది. పర్యావరణం అంటే భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు. శాంతి అంటే పావురం. గుడ్లగూబ అంటే నిండు చందమామ, ఎండుకొమ్మ, కొమ్మ మీద గూబ, గూబ నెత్తిన పట్టాలిచ్చేటప్పుడు పెట్టే నల్లటోపీ. వీధి మొత్తం మీద ఆయన శిష్యులందరూ అదే కొమ్మ మీద అదే గూబను కూర్చోబెట్టారు. ఒకే పిన్ కోడు నుంచి కవలలు పుట్టినట్టు ఇన్ని గూబలు వస్తే అవతలివాళ్లు ఏమనుకుంటారన్నది సార్‌కు పట్టలేదు. ఆయిల్ పేస్టల్ రాలకుండా హెయిర్ స్ప్రే కొట్టాలన్నది మాత్రం పట్టింది. ఆ వారమంతా ఇల్లు సెలూన్ వాసన కొట్టింది.

సార్ గూబకు కాకికిలాగే మూడు వేళ్లు ముందుకి, ఒకటి వెనక్కి. అసలు గుడ్లగూబ కొమ్మ మీద కూర్చుంటే సాధారణంగా రెండు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి. బయటి వేలిని అది కావలసినట్టు తిప్పుకోగలదు. నెత్తిన ఉన్నవి చెవులని సార్ చెప్పాడు. అవి ఉత్త ఈకలు, చెవులు ముఖానికి అటూ ఇటూ ఈకల కింద దాగుంటాయి. కొన్ని జాతుల్లో ఒక చెవి పైకి, ఒకటి కిందికి కూడా ఉంటాయి, ఎలుక చప్పుడు ఏ ఎత్తులోంచి వస్తోందో తేల్చుకోవడానికి. సార్ వేసిన గూబ ఓరకంటితో చూస్తుంది, ముద్దుగా ఉంటుందని. నిజం గూబకు ఆ అదృష్టం లేదు. కళ్లు గుండ్రం బంతులు కాదు, గొట్టాల్లాంటివి, గూట్లో బిగిసిపోయి కదలవు. అందుకే తల మొత్తం తిప్పుతుంది, 270 డిగ్రీల దాకా. మన మెడలో ఏడు పూసలైతే దాని మెడలో పద్నాలుగు.

నాన్న రంగంలోకి దిగి ఏఐని కూడా అడిగాడు. అది క్షణంలో ఒక గూబను ఇచ్చింది. ఈకా ఈకా మెరిసిపోతోంది గానీ ఒక కాలికి ఆరు వేళ్లున్నాయి. "రెఫరెన్సు కోసమే" అన్నాడు. ఏ పిల్లల పోటీలోనైనా బొమ్మ పిల్లలు సొంతంగా వేయాలనే ఉంటుంది. ఆ వాక్యాన్ని పోటీల నాన్న మన సిగరెట్టు పెట్టె మీది హెచ్చరికలా చదువుతాడు. పాప వేస్తుంది. సార్ దిద్దుతాడు. నాన్న చందమామకు తెల్లరంగు ఇంకో పూత వేస్తాడు. అమ్మ అంచు కత్తిరిస్తుంది. అందరూ అయ్యాక పాప సంతకం పెడుతుంది, ఆ సంతకం మాత్రం పూర్తిగా సొంతం.

ఆయనకు అసలు తెల్ల గుడ్లగూబ కావాలి. హ్యారీ పాటర్‌లో ఉంటుందే, అది. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కోరిక ఒక్క ఆయనది కాదు. గుడ్లగూబల దొంగవ్యాపారం మీద అబ్రార్ అహ్మద్ అనే పక్షి నిపుణుడు చేసిన పరిశోధన నివేదికను, వన్యప్రాణుల వ్యాపారంపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో దీపావళి ముందు విడుదల చేసింది. ఆయన ఆ పనికి పూనుకోవడానికి ఒక కారణం పుట్టినరోజు పార్టీ. కలిగిన ఇంటి ఇల్లాలు ఒకామె, కొడుకు పదో పుట్టినరోజుకు హ్యారీ పాటర్ అలంకారాలు చేయిస్తూ, ప్రాణమున్న తెల్ల గుడ్లగూబ ఒకటి తెచ్చిపెట్టమని ఆయన్నే అడిగింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లినాయనే, పట్నాల మధ్యతరగతికి పిల్లలకు గూబల్ని బహుమతిగా ఇవ్వాలనే వింత మోజు హ్యారీ పాటర్ తర్వాత పట్టుకుందని ఆ సందర్భంలోనే అన్నాడు. దానికి తోడు తాంత్రిక పూజలు, దీపావళి రాత్రి బలులు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం గూబల్ని పట్టడాన్ని, అమ్మడాన్ని నిషేధించినా ఆ బేరం ఆగలేదు. ఆ పార్టీ తల్లితో పోలిస్తే కాగితం మీది తెల్ల గూబతో సరిపెట్టుకున్న మన నాన్న దేవుడే.

మంచుదేశపు గూబ మోజు ఈయనకు ఎంతుందంటే మన దేశంలో 30కి పైగా రకాల గుడ్లగూబలున్నాయంటే నమ్మడు. వాటిలో ఒకదాని కథ డిటెక్టివ్ నవలకు తీసిపోదు. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న అడవిగూబ 1884 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. మధ్యలో 1914లో తాను సేకరించానని రిచర్డ్ మైనర్జాగన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ఒక నమూనా చూపించాడు. అది మ్యూజియంలోంచి దొంగిలించి, చీటీ మార్చిందని తర్వాత తేలింది. ఆయన రాసిన చోటును నమ్మి వెతికినన్నాళ్లూ పక్షి దొరకలేదు. అసలు పాత నమూనాలు దొరికిన చోట్ల వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలో శహాదా దగ్గర, పట్టపగలు, చెట్టు మీద కూర్చుని కనిపించింది. పామెలా రాస్‌ముస్సెన్ అనే పక్షి శాస్త్రజ్ఞురాలి బృందానికి 113 ఏళ్ల తర్వాత దొరికిన గూబ అది. అమెరికాలో ఆలిస్ పుట్టిన సంవత్సరమే.

పుణె దగ్గర పింగోరీ పల్లెలో 2018 నవంబరులో గుడ్లగూబల ఉత్సవం పెట్టారని, ఈలా ఫౌండేషన్ వాళ్లు అక్కడ పిల్లలు వేసిన బొమ్మలు కూడా ప్రదర్శించారని ఎవరో ఆయనకు చెప్పారు. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే పొద్దున పుణె. నాన్న ఆసక్తిగానే విన్నాడు. ఉత్సవం పేరేమిటన్నాడు. ఇండియన్ ఔల్ ఫెస్టివల్ అన్నారు.

"ఇండియనా?" అని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఇక పాప. అందరూ మరిచిపోయిన ఈ పిల్లకు ఆ మధ్య ఒక గూబతో పరిచయమైంది. వెనక బాల్కనీకి ఎదురుగా పాత వేపచెట్టు, దాని తొర్రలో మచ్చల చిన్నగూబల జంట. పొద్దు గూకుతుండగా ఒకటి బయటికొచ్చి పక్కింటి ఏసీ డబ్బా మీద కూర్చుంటుంది. పిడికెడంత పిట్ట, ఎవరో తిట్టినట్టు మొహం. పిల్లను చూసి తల కిందికి, పైకి, పక్కకు ఊపుతుంది. అది పలకరింపు కాదు. కళ్లు కదలవు కదా, ఎదుటిది ఎంత దూరంలో ఉందో తేల్చుకోవడానికి తలనే జరుపుకుంటుంది. పాపకు ఆ శాస్త్రం తెలియదు. చూసింది చూసినట్టు వేసింది, ఒక ఒంటికి మూడు తలలు. ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి పక్కకు. కాలివేళ్లు రెండు ముందుకి, రెండు వెనక్కి. కింద ఏసీ డబ్బా, దాని మీద స్టార్ రేటింగు చీటీతో సహా.

"ఇదేంటి, రావణాసురుడా?" అన్నాడు నాన్న.

"కాదు నాన్నా, ఊపుతోంది."

"గూబకి ఒకటే తల."

"మూడుసార్లు ఉంది."

డ్రాయింగ్ సార్ అది చూసి, ఫినిషింగ్ లేదన్నాడు. నల్లటోపీ గూబే కవరులోకి వెళ్లింది. మూడు తలలది ఫ్రిజ్ పక్కన క్లిప్పుకు మిగిలింది. దాని వెనక అమ్మ పాల ప్యాకెట్ల లెక్క రాసుకుంటోంది. పిల్లల బొమ్మల్ని వందలకొద్దీ వరసగా చూసే కంటికి పెద్దవాళ్ల చెయ్యి దొరక్కుండా పోదని ఎవరైనా ఆయనకు చెప్పవచ్చు. చెప్పేవాళ్లను ఆయన ఈర్ష్యాపరుల కింద జమ కడతాడు.

పంపడం ఇంకో ఘట్టం. బొమ్మ మడత పడకూడదని అట్టల మధ్య పెట్టి, అట్టలకు ప్లాస్టిక్ చుట్టి, దానికి బ్రౌన్ పేపరు తొడిగి, నాలుగు వైపులా సెల్లో టేపు వేశాడు. పెద్ద పోస్టాఫీసు కౌంటరులో కస్టమ్స్ ఫారం ఇచ్చారు. లోపలి వస్తువు ఏమిటి? గుడ్లగూబ అని రాశాడు. కౌంటరు అమ్మాయి ఒకసారి ఆయన్ను, ఒకసారి కవరును చూసింది. 'బొమ్మ' అని చేర్చాడు. విలువ ఎంత? వెలకట్టలేనిదన్నాడు. వెనక నిలబడ్డవాళ్ల అరుపులకు వంద రూపాయలకు దిగాడు. అసలు కవరు తీసుకోవడమే ఆ ఏడాది కలిసొచ్చింది కాబట్టి. 2025 ఆగస్టు చివర్లో అమెరికా సుంకం నిబంధనలు మారి మన తపాలా శాఖ ఆ దేశానికి బుకింగులు ఆపేసినప్పుడు, అక్టోబరు మధ్యలో మళ్లీ తెరిచేదాకా, పోటీల నాన్నలు ఎందరో పచ్చళ్ల పార్శిళ్లవాళ్లతో కలిసి అంతర్జాతీయ వాణిజ్యం గురించి మాట్లాడుకున్నారు.

తర్వాత నిరీక్షణ. ట్రాకింగ్ నంబరును గంటకోసారి నొక్కి, బొమ్మ ముంబైలో ఉందని, న్యూయార్కులో దిగిందని గ్రూపులో పెట్టేవాడు. బంధువుల్లో కొందరు పాపే అమెరికా వెళ్లిందనుకుని చలికోటు తీసుకెళ్లిందా అని అడిగారు. ఫలితాల్లో పాప పేరు లేదు. ఆయన జాబితాను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివి, స్పెల్లింగ్ తప్పు పడి ఉంటుందేమోనని దగ్గర దగ్గర పేర్లన్నీ అనుమానంగా చూశాడు. కోపం ఎక్కడో ఒకచోట తీరాలి కనుక, వెళ్లిన బొమ్మ మళ్లీ తిరిగి రాదా అన్న దాని మీద పడ్డాడు. ఇంత డబ్బు పోసి పంపితే బొమ్మ వాళ్ల దగ్గరే పెట్టుకుని ఏం చేసుకుంటారు?

బావమరిది ఆ ప్రశ్నకు జవాబు పంపాడు. ఉక్రెయిన్ పిల్లలు ఎన్నో ఏళ్లుగా ఈ పోటీకి గుడ్లగూబలు వేసి పంపేవారు. 2022లో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు హ్యూస్టన్ కేంద్రంవాళ్లు దాచి ఉంచిన ఆ బొమ్మల్ని బయటికి తీసి వేలం వేశారు. వచ్చిన సొమ్ము ఉక్రెయిన్ పిల్లల కోసం యూనిసెఫ్‌కు పంపారు. కొన్నేళ్ల కింద ఏ పదేళ్ల పిల్లో బల్ల మీద ఒరిగి వేసిన గూబ, ఆ పిల్ల వయసు పిల్లలకే దుప్పటి కొనిపెట్టింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బావమరిదికి ఒక్క మాట పంపాడు, మనది వేలానికొస్తే బేస్ ప్రైస్ ఎంత పెడతారో కనుక్కో.

ఆ జవాబుతో వచ్చిన లింకులోనే ఆయన మొదటిసారి ఉత్సవం పేజీని చివరిదాకా చదివాడు. గూబ మొహం ఆకారంలో పాన్‌కేకులు. గూబలు ఉమ్మేసిన వెంట్రుకల, ఎముకల ఉండల్ని విప్పి లోపల ఏ ఎలుక ఉందో పిల్లలు చూడటం. లోకంలో గూబల కోసం పాటుపడ్డవాళ్లకు హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానం. ఆ కింద ఉంది అసలు సంగతి. గుడ్లగూబలా కూసే పోటీ. పిల్లలకే కాదు, పెద్దలకు కూడా.

ఇన్నేళ్లుగా కూతురి భుజం మీంచి తొంగిచూసిన మనిషికి సొంత ఏజ్ గ్రూపు దొరికింది. వీడియో ఎంట్రీ పంపవచ్చా అని ఆ రాత్రే మెయిలు పెట్టాడు. జవాబు వచ్చేదాకా ఊరుకోవడం దేనికని, గ్రేట్ హార్న్‌డ్ గూబ కూతలు చెవుల్లో పెట్టుకుని పదకొండు దాటాక టెర్రస్ ఎక్కాడు. మామూలుగా వరసకు అయిదు కూతలు. హూ, హు హూ, హూ, హూ. ఆడది పెద్దదైనా గొంతు సన్నం, మగది చిన్నదైనా గొంతు బొంగురు. ఈయన మగ గొంతు ఎంచుకుని, నీళ్ల ట్యాంకు ఆసరాగా నిలబడి, పొట్ట లోపలికి లాగి సాధన చేశాడు. మూడో రోజుకు బాగా కుదిరింది. నాలుగో రోజు పొద్దున అపార్టుమెంటు గ్రూపులో సెక్రటరీగారు మెసేజి పెట్టారు. సి బ్లాకు మీద రాత్రిళ్లు పెద్ద గూబ ఒకటి చేరింది, చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు భయపడుతున్నారు, శాంతి చేయిద్దామని కమిటీ నిర్ణయం, ఫ్లాటుకు రెండు వందలు. నానమ్మ అప్పటికే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించేసింది.

అందరికంటే ముందు గూగుల్ పే చేసింది పోటీల నాన్నే. పంతులుగారు వచ్చే ఆదివారం దాకా ప్రాక్టీసు సెల్లారులోకి మార్చాడు. అక్కడ కార్ల మధ్య ప్రతిధ్వని బాగుంటుందట.